మీ తెరపై మరో కన్ను ఉందా?

కార్యాలయ కంప్యూటర్లపై యాజమాన్యాల నిఘా
గుర్తించే మార్గాలు కొన్ని... కంటికి కనిపించనివి మరికొన్ని
సొంత వ్యవహారాలను దూరంగా ఉంచడమే రక్ష

తణుకు: పట్టణంలోని ఒక బియ్యం వ్యాపార సంస్థలో ఆమె లెక్కలు రాస్తారు. ఉదయం తొమ్మిది గంటలకు ట్యాలీ తెరిస్తే మళ్లీ మూసేది రాత్రి ఏడు గంటలకే. ఒకనాడు భోజన విరామంలో అదే కంప్యూటరులో రాజమహేంద్రవరంలోని ఉద్యోగాల కోసం వెతికారు. తన సొంత మెయిల్ తెరిచి ఒక సంస్థకు దరఖాస్తు పంపారు. మరోనాడు జీతం జమ అయిందో లేదో చూసుకునేందుకు బ్యాంకు ఖాతా తెరిచారు. వారం తిరగకముందే యజమాని పిలిచి ‘ఏమ్మా, రాజమండ్రి వెళ్లిపోతున్నావట కదా’ అని అడిగారు. ఆ విషయం ఆమె సహోద్యోగులకు చెప్పలేదు. ఇంట్లో వారికి సైతం తెలియదు. ‘అదేం లేదండీ’ అని తప్పించుకుని వచ్చి కూర్చున్నారు గానీ, ఆ రోజంతా పనిపై మనసు నిలవలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒకవైపు, తన బ్యాంకు పాస్‌వర్డ్ కూడా ఆయన చేతికి చిక్కిందేమోనన్న భయం మరోవైపు. తన కంప్యూటరును ఎవరో ఎక్కడి నుంచో చూస్తున్నారన్న అనుమానం ఆమెను పట్టుకుంది.

ఇలాంటి అనుమానం ఆమె ఒక్కరిది కాదు. మిల్లుల కార్యాలయాల్లో, ఫైనాన్స్ సంస్థల్లో, ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాల్లో పనిచేసే వారికి, హైదరాబాద్, బెంగళూరు సంస్థలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లతో పల్లెల్లోని ఇళ్ల నుంచి పనిచేసే యువతకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. 2020లో కరోనా కారణంగా ఇళ్ల నుంచి పని మొదలైన తర్వాత సిబ్బంది కంప్యూటర్లను దూరం నుంచి గమనించే సాఫ్ట్‌వేర్ల వాడకం ప్రపంచవ్యాప్తంగా పెరిగింది. మన కంప్యూటరుపై అటువంటి నిఘా ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? తెలిసిన తర్వాత ఏం చేయాలి? చట్టం ఏం చెబుతోంది? వీటిపై కథనం.

ఏమేమి చూడగలరు?

నిఘా అంటే ఒకే పద్ధతి కాదు. స్థూలంగా నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది కంప్యూటరులోనే ఉండి పనిచేసే సాఫ్ట్‌వేర్. ఇది ఏ ప్రోగ్రాం ఎంతసేపు తెరిచారో, మౌస్ ఎంతసేపు కదలకుండా ఉందో లెక్క కడుతుంది. కొన్ని నిమిషాలకోసారి తెర చిత్రం తీసి పంపుతుంది. కొన్నింటిలో నొక్కిన ప్రతి మీటనూ నమోదు చేసే సౌకర్యమూ ఉంది. టెరామైండ్, యాక్టివ్‌ట్రాక్, హబ్‌స్టాఫ్, టైమ్ డాక్టర్ వంటివి విదేశాల్లో తయారైనవి కాగా, ఎంప్‌మానిటర్, వియ్ 360 వంటివి మన దేశంలో రూపొందినవి. రెండోది ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి సాఫ్ట్‌వేర్ల ద్వారా తెరను దూరం నుంచి నేరుగా చూడటం. మూడోది నెట్‌వర్క్ వద్ద కాపలా. కార్యాలయంలోని ఫైర్‌వాల్ లేదా రూటరు ఏ కంప్యూటరు నుంచి ఏ వెబ్‌సైటుకు వెళ్లారో రాసిపెట్టుకుంటుంది. నాలుగోది ఖాతాల ద్వారా చూడటం. సంస్థ ఇచ్చిన మెయిల్, చాటింగ్ ఖాతాలు సంస్థ అధీనంలోనే ఉంటాయి. వాటి నిర్వాహకుడు తలచుకుంటే అందులోని సమాచారాన్ని బయటకు తీయగలడు. ఇందుకు మీ కంప్యూటరులో ఏమీ అమర్చవలసిన పనిలేదు.

ఈ నాలుగింటిలో మొదటి రెండింటి జాడ మాత్రమే మన కంప్యూటరులో దొరికే అవకాశం ఉంది. మూడోది కొంతమేరకు తెలుస్తుంది. నాలుగోది దాదాపు తెలియదు. వెతకడం ప్రారంభించే ముందే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందుగా కాగితాలు చూడండి

అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం కంప్యూటరులో కాక బీరువాలో ఉండవచ్చు. ఉద్యోగంలో చేరిన రోజున సంతకం చేసిన నియామక పత్రం, దానితో జతచేసిన నియమావళి ఒకసారి తీసి చదవాలి. ‘సంస్థ పరికరాల వినియోగాన్ని పర్యవేక్షించే హక్కు సంస్థకు ఉంది’ అనే అర్థం వచ్చే వాక్యం పెద్ద సంస్థల పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. హడావుడిలో చదవకుండా సంతకం చేసే వారే ఎక్కువ. కొన్ని సంస్థల్లో కంప్యూటరు తెరవగానే ఇదే హెచ్చరిక తెరపై వస్తుంది. రోజూ చూసి చూసి ‘ఓకే’ నొక్కి ముందుకు సాగిపోతుంటాం. చిన్న కార్యాలయాల్లో కాగితమే ఉండదు. అక్కడ అడిగి తెలుసుకోవడమే మార్గం.

తెరపైనే తెలిసే గుర్తులు

విండోస్ కంప్యూటరులో ‘సెట్టింగ్స్’ తెరిచి ‘అకౌంట్స్’లోకి వెళితే ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’ అనే విభాగం ఉంటుంది. అందులో సంస్థ పేరు కనిపిస్తే ఆ కంప్యూటరు సంస్థ ఆధీనంలోని వ్యవస్థకు అనుసంధానమై ఉందని అర్థం. దానిపై నొక్కి ‘ఇన్ఫో’ తెరిస్తే ఏయే నిబంధనలు అమలవుతున్నాయో కొంత తెలుస్తుంది. ఇలా అనుసంధానించిన కంప్యూటరులోకి సాఫ్ట్‌వేర్లను దూరం నుంచే పంపవచ్చు, తొలగించవచ్చు. అయితే అనుసంధానం ఉన్నంత మాత్రాన తెరను చూస్తున్నారని కాదు. చూడదలిస్తే దారి ఉందని మాత్రమే.

క్రోమ్ బ్రౌజరులో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలను నొక్కితే వచ్చే జాబితాలో అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అన్న మాట ఉందేమో చూడాలి. ఉంటే దానిపై నొక్కాలి. మీ బ్రౌజరును ఎవరు నిర్వహిస్తున్నారో, ఏయే అదనపు ఉపకరణాలను సంస్థ అమర్చిందో, అవి మీరు చూసే వెబ్ పేజీలను చదవగలవో లేదో ఆ పేజీలోనే వివరంగా ఉంటుంది. ఆంగ్లంలో ఉన్నా ఓపికగా చదివితే అర్థమయ్యే భాషే. ‘ఎక్స్‌టెన్షన్స్’ జాబితా కూడా చూడాలి. మీరు పెట్టనిది, మీరు తీసేయలేనిది అక్కడ ఉంటే సంస్థ పెట్టిందని భావించవచ్చు.

అదే చోట మరో ముఖ్యమైన సంగతి చూడాలి. క్రోమ్ కుడివైపు పైభాగంలో గుండ్రని బొమ్మ ఉంటుంది. ఏ గూగుల్ ఖాతాతో బ్రౌజరు తెరిచి ఉందో అది చెబుతుంది. ఆ ఖాతా మీది కాకపోతే జాగ్రత్త అవసరం. దీని గురించి చివరలో మళ్లీ చెప్పుకుందాం.

ఆపిల్ కంప్యూటర్లలో ‘సిస్టమ్ సెట్టింగ్స్’లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ విభాగంలో తెరను చిత్రీకరించే అనుమతి ఏయే ప్రోగ్రాములకు ఉందో జాబితా కనిపిస్తుంది. సంస్థ నిర్వహణలో ఉంటే ఆ వివరం ‘డివైస్ మేనేజ్‌మెంట్’ కింద ఉంటుంది.

టాస్క్ మేనేజర్ ఏం చెబుతుంది?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఆ క్షణంలో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ అందులో ఉంటాయి. ‘స్టార్టప్’ విభాగంలో కంప్యూటరుతో పాటే మొదలయ్యేవి కనిపిస్తాయి. పైన చెప్పిన నిఘా సాఫ్ట్‌వేర్ల పేర్లు ఉంటే అనుమానం తీరినట్లే. తెలియని పేరు కనిపిస్తే దానిపై కుడి మీట నొక్కి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ ఎంచుకుంటే అది ఏ ఫోల్డరులో ఉందో తెలుస్తుంది. ‘ప్రాపర్టీస్’లో తయారీ సంస్థ పేరు ఉంటుంది. ఆ పేరును మీ సొంత ఫోన్‌లో వెతికితే అసలు సంగతి బయటపడుతుంది. కార్యాలయ కంప్యూటరులోనే వెతికితే ఆ వెతుకులాట కూడా నమోదు కావచ్చు.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. ‘సర్వీస్ హోస్ట్’ వంటి పేర్లు పదుల సంఖ్యలో కనిపించి కంగారు పెడతాయి. అవి విండోస్‌లో సహజంగా ఉండేవే. యాంటీవైరస్, ప్రింటరు, ధ్వనికి సంబంధించిన ప్రోగ్రాములూ వింత పేర్లతోనే ఉంటాయి. మరోవైపు, నిఘా సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి దాగి పనిచేసే పద్ధతి ఉంది. సాధారణ పేరు తగిలించుకుని గుంపులో కలిసిపోతాయి. గడియారం పక్కన బొమ్మ ఉండదు, ప్రోగ్రాముల జాబితాలో పేరు ఉండదు. కాబట్టి టాస్క్ మేనేజర్‌లో పేరు కనిపిస్తే నిఘా ఉన్నట్లే గానీ, కనిపించకపోతే లేదని నిర్ధారించలేం.

ఎనీడెస్క్ ఉంటే నిఘాయేనా?

మన జిల్లాల్లో ఎక్కువ మందిని భయపెట్టేది ఇదే. చిన్న కార్యాలయాల్లో ట్యాలీకో, బిల్లింగ్ సాఫ్ట్‌వేరుకో ఇబ్బంది వస్తే దాన్ని అమ్మిన వారు విజయవాడ నుంచో, హైదరాబాద్ నుంచో ఎనీడెస్క్ ద్వారా లోనికి వచ్చి సరిచేస్తారు. ఆ పని అయ్యాక కూడా అది కంప్యూటరులోనే ఉండిపోతుంది. కేవలం అది ఉండటం నిఘాకు నిదర్శనం కాదు.

చూడవలసింది రెండు విషయాలు. ఒకటి, ఎవరైనా లోనికి వచ్చేటప్పుడు మీరు ‘యాక్సెప్ట్’ నొక్కాలా, లేక ముందే పెట్టిన పాస్‌వర్డ్‌తో మీ ప్రమేయం లేకుండానే రాగలరా అన్నది. ఈ రెండో పద్ధతిని ‘అన్‌అటెండెడ్ యాక్సెస్’ అంటారు. దాని సెట్టింగులో తెలుస్తుంది. రెండు, ఇప్పటికే ఎవరెవరు వచ్చారన్నది. ఎనీడెస్క్ తన ఫోల్డరులో ‘కనెక్షన్ ట్రేస్’ అనే చిన్న ఫైలును, టీమ్‌వ్యూయర్ ‘కనెక్షన్స్ ఇన్‌కమింగ్’ అనే ఫైలును ఉంచుతాయి. లోనికి వచ్చిన వారి గుర్తింపు సంఖ్య, తేదీ, సమయం అందులో నమోదై ఉంటాయి. మీ అనుమానం కలిగిన రోజు, వేళతో వాటిని సరిపోల్చుకోవచ్చు. ఆ ఫైళ్లను చెరిపివేయడం కూడా సాధ్యమేనని మరువరాదు.

విండోస్‌లోనే ఉన్న ‘రిమోట్ డెస్క్‌టాప్’ ద్వారా ఎవరైనా మామూలు పద్ధతిలో లోనికి ప్రవేశిస్తే మీ ముందున్న తెరకు తాళం పడుతుంది. కాబట్టి మీరు పని చేసుకుంటుండగా ఆ మార్గంలో తెలియకుండా చూడటం సాధారణంగా కుదరదు. ‘క్విక్ అసిస్ట్’కు మీ అంగీకారం తప్పనిసరి.

ఒకవేళ ఎనీడెస్క్ వంటిది ఉండి, అది ఎవరు పెట్టారో యజమానికి కూడా తెలియకపోతే విషయం వేరు. బ్యాంకు సిబ్బందిమని ఫోన్ చేసి ఇటువంటివి పెట్టించి ఖాతాలు ఖాళీ చేసే మోసాలపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటప్పుడు వెంటనే ఇంటర్నెట్ తీగ తొలగించి యాజమాన్యానికి చెప్పాలి. డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

వెబ్‌సైటు తాళాన్ని పరీక్షించండి

మెయిల్ లేదా బ్యాంకు వెబ్‌సైటుకూ మన కంప్యూటరుకూ మధ్య వెళ్లే సమాచారం సంకేత రూపంలో ఉంటుంది. మధ్యలో ఉన్న వారికి ఏ వెబ్‌సైటో తెలుస్తుంది గానీ లోపల ఏముందో తెలియదు. అయితే పెద్ద కార్యాలయాల్లోని కొన్ని ఫైర్‌వాల్‌లు ఈ సంకేతాన్ని మధ్యలో విప్పి, చదివి, మళ్లీ ముడివేసి పంపగలవు. వైరస్‌లను ఆపేందుకే ఈ ఏర్పాటు చేసినా, సమాచారం మాత్రం వాటి కంట పడుతుంది.

దీన్ని గుర్తించడం కష్టం కాదు. వెబ్‌సైటు చిరునామాకు ఎడమవైపున ఉన్న గుర్తును నొక్కి ‘కనెక్షన్ ఈజ్ సెక్యూర్’, ఆపై ‘సర్టిఫికెట్’ తెరవాలి. ‘ఇష్యూడ్ బై’ అన్నచోట ధ్రువపత్రం ఇచ్చిన వారి పేరు ఉంటుంది. ఉదాహరణకు గూగుల్ వెబ్‌సైటుకు ‘గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్’ అని ఉండాలి. దానికి బదులు మీ సంస్థ పేరో, ఫోర్టినెట్, సోఫోస్, జడ్‌స్కేలర్ వంటి భద్రతా ఉత్పత్తుల పేరో ఉంటే మధ్యలో విప్పి చూస్తున్నారని అర్థం. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇదే పని చేస్తాయి కనుక ఆ పేరు ఏమిటో చూసుకోవాలి. బ్యాంకు వెబ్‌సైట్లను ఈ తనిఖీ నుంచి మినహాయించే సంస్థలు ఉన్నాయి. అందువల్ల రెండు మూడు వెబ్‌సైట్లలో పరీక్షించడం మంచిది.

కంప్యూటరు వెనుక కూడా చూడండి

కీబోర్డు తీగ చివర, కంప్యూటరు వెనుక భాగంలో తీగ దూర్చే చోట చిన్న పెన్‌డ్రైవ్ వంటి పరికరం మధ్యలో ఉందేమో చూడాలి. నొక్కిన మీటలన్నింటినీ తనలో దాచుకునే పరికరాలు అలాగే ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. వైర్‌లెస్ కీబోర్డుకు పెట్టే చిన్న ముక్కను చూసి దీనిగా పొరబడవద్దు. నిఘా పరికరానికి ఒకవైపు కీబోర్డు తీగ, మరోవైపు కంప్యూటరు ఉంటాయి.

తల పైకెత్తి చూడటం కూడా అవసరమే. గోడ మీది సీసీ కెమెరా మీ వెనుక నుంచి తెర వైపు తిరిగి ఉంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ల్యాప్‌టాప్ కెమెరా పక్కన దీపం అకారణంగా వెలిగితే ‘సెట్టింగ్స్’లోని ‘ప్రైవసీ’ విభాగంలో కెమెరా, మైక్రోఫోన్‌లను ఏ ప్రోగ్రాం వాడిందో చూడవచ్చు. కెమెరాపై చిన్న కాగితపు ముక్క అంటించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇవి ఆధారాలు కావు

కంప్యూటరు నెమ్మదించడం, పంకా శబ్దం పెరగడం, బాణం గుర్తు ఒక్కోసారి దానంతటదే కదలడం వంటివి చూసి నిఘా ఉందని నిర్ణయానికి రావద్దు. పాత హార్డ్‌డిస్కు, నిండిన మెమరీ, దుమ్ము పట్టిన మౌస్ సైతం ఇలాంటి ఇబ్బందులే కలిగిస్తాయి. అలాగే క్రోమ్‌లోని ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీ తెరిస్తే ఎవరికీ కనిపించదనుకోవడం అపోహ. చరిత్ర ఆ కంప్యూటరు బ్రౌజరులో మిగలదే తప్ప, తెర చిత్రాలు తీసే సాఫ్ట్‌వేరుకూ, నెట్‌వర్క్‌కూ అది అడ్డు కాదు. వాట్సప్ సందేశాలు దారిలో భద్రంగా ఉంటాయన్నది నిజమే. కానీ కార్యాలయ కంప్యూటరులో వాట్సప్ వెబ్ తెరిస్తే, తెరపై కనిపించే సందేశాన్ని తెర చిత్రం తీసే సాఫ్ట్‌వేర్ కూడా చూస్తుంది.

చట్టం ఎవరి పక్షం?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అయితే ప్రైవేటు యజమాని తన కంప్యూటరును గమనించడాన్ని నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను కంప్యూటరు యజమాని అనుమతి లేకుండా అందులోకి చొరబడటాన్ని తప్పుపడుతుంది. కార్యాలయ కంప్యూటరుకు యజమాని సంస్థే కనుక ఈ సెక్షను సాధారణంగా ఉద్యోగికి కలిసిరాదు. కానీ ఉద్యోగి సొంత మెయిల్ లేదా బ్యాంకు పాస్‌వర్డ్‌ను దక్కించుకుని దాన్ని మోసపూరితంగా వాడితే కథ మారుతుంది. 66-సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా విధించవచ్చు. కంప్యూటరు యజమానిదే అయినా అందులో కొట్టిన పాస్‌వర్డ్ ఆయన సొత్తు కాదు.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం, సంస్థకు నష్టం కలగకుండా చూసుకోవడం కోసం సిబ్బంది సమాచారాన్ని సమ్మతి లేకుండానే వినియోగించే వెసులుబాటు యాజమాన్యాలకు ఇచ్చింది. దీని నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ప్రధాన అంశాల అమలుకు 18 నెలల వ్యవధి పెట్టింది. అంటే గడువు 2027 మే నెల. యాజమాన్యాల వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. ఖాతాదారుల జాబితాలు బయటకు పోవడం, వైరస్‌లతో లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోవడం వంటివి జరుగుతున్నవే. కంప్యూటరు వ్యవస్థల నమోదులను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా.

విదేశాల్లో మాత్రం ‘ముందుగా చెప్పాలి’ అన్న సూత్రం బలపడుతోంది. రొమేనియాలో బర్బులెస్కు అనే ఉద్యోగి పని కోసం తెరిచిన యాహూ మెసెంజరులో తన సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్నాడని 2007లో ఉద్యోగం నుంచి తొలగించారు. నిఘా తీరు, పరిధి ఎంతో ముందుగా చెప్పకుండా సందేశాలు చదవడం గోప్యతకు భంగమేనని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2017 సెప్టెంబరు 5న తీర్పు ఇచ్చింది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉద్యోగిని చేర్చుకునేటప్పుడే నిఘా గురించి రాతపూర్వకంగా తెలపాలన్న చట్టం 2022 మే 7 నుంచి అమలులోకి వచ్చింది. మౌస్ కదలకపోయిన సమయాన్ని లెక్కగట్టి, తెర చిత్రాలు తీసిన ఒక స్థిరాస్తి సంస్థకు ఫ్రాన్సులోని సమాచార రక్షణ సంస్థ 2024 డిసెంబరులో 40 వేల యూరోల జరిమానా విధించింది.

చేయకూడనివి

నిఘా సాఫ్ట్‌వేర్ దొరికిందని ఆవేశంగా తొలగించరాదు. చాలా వాటిలో తొలగించిన వెంటనే నిర్వాహకుడికి సమాచారం వెళ్తుంది. సంస్థ ఆస్తికి నష్టం చేశారన్న నింద మీపైనే పడుతుంది. నిఘాను పట్టుకుంటామంటూ ఇంటర్నెట్‌లో దొరికే ఊరూపేరూ లేని ఉపకరణాలను ఎక్కించరాదు. వాటిలోనే వైరస్ ఉండవచ్చు. మౌస్ దానంతటదే కదిలేలా చేసే పరికరాలు వాడటమూ ప్రమాదమే. మీటలు నొక్కుతున్నట్లు నటించారన్న కారణంపై అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో పది మందికి పైగా సిబ్బందిని తొలగించింది.

చేయవలసినవి

* కార్యాలయ కంప్యూటరును దుకాణం ముందున్న అరుగులా భావించాలి. నలుగురి ఎదుట చేయలేని పని అక్కడ చేయరాదు. బ్యాంకు, వైద్యం, కొత్త ఉద్యోగం వంటి వ్యవహారాలను సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చూసుకోవాలి. కార్యాలయ వైఫైకి కలపరాదు.
* ఇప్పటికే సొంత ఖాతాలు తెరిచి ఉంటే, ఫోన్ నుంచి వాటి పాస్‌వర్డులు మార్చాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. గూగుల్ ఖాతాలో ‘యువర్ డివైసెస్’, వాట్సప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి కార్యాలయ కంప్యూటరును తొలగించాలి.
* సంస్థ ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే పిల్లల పాఠాలకు, ఆధార్ ప్రతులకు, పొలం అడంగల్ తీయడానికి వాడరాదు. తెర చిత్రం తీసే సాఫ్ట్‌వేరుకు ఆ కాగితం ఉద్యోగిదో, తండ్రిదో తెలియదు.
* సొంత ఫోన్‌లో సంస్థ మెయిల్ పెట్టుకోవలసి వస్తే ‘వర్క్ ప్రొఫైల్’ విడిగా ఉండేలా చూడాలి. ఆండ్రాయిడ్‌లో ఆ భాగంలోని యాప్‌లపై చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు ఉంటుంది. సంస్థ అధికారం ప్రధానంగా ఆ భాగానికే పరిమితం.
* అనుమానం తీరకపోతే మర్యాదగా, వీలైతే రాతపూర్వకంగా అడగాలి. ఏ సమాచారం సేకరిస్తున్నారు, ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు, పని వేళల తర్వాత కూడా నమోదవుతుందా అన్న నాలుగు ప్రశ్నలు చాలు.

ఆమె అనుమానం తీరిందిలా...

బియ్యం వ్యాపార సంస్థలోని గుమస్తా ఈ పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశారు. టాస్క్ మేనేజర్‌లో అనుమానించదగ్గ పేరు లేదు. ఎనీడెస్క్ ఉంది గానీ, దాని నమోదులో ఉన్నది నాలుగు నెలల క్రితం ట్యాలీ సరిచేయడానికి వచ్చినప్పటి తేదీయే. కీబోర్డు తీగకు ఏమీ లేదు. చివరికి క్రోమ్‌లో గుండ్రని బొమ్మపై నొక్కితే సంగతి బయటపడింది. బ్రౌజరు కార్యాలయ గూగుల్ ఖాతాతో తెరిచి ఉంది. అదే ఖాతా యజమాని ఫోన్‌లోనూ ఉంది. రెండింటి మధ్య ‘సింక్’ పనిచేస్తోంది. ఆమె కంప్యూటరులో వెతికినవన్నీ ఆయన ఫోన్‌లోని క్రోమ్ చరిత్రలోకి వెళ్లిపోతున్నాయి. ధాన్యం ధరల కోసం వెతకబోయిన యజమానికి రాజమహేంద్రవరం ఉద్యోగాలు కనిపించాయి. ఆయన ఏ నిఘా సాఫ్ట్‌వేరూ కొనలేదు.

అంతటితో అయిపోలేదు. ‘పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా’ అని క్రోమ్ అడిగినప్పుడు ఆమె చదవకుండా ‘సేవ్’ నొక్కిన సొంత మెయిల్ పాస్‌వర్డ్ ఆ ఖాతాలోనే భద్రంగా ఉంది. యజమాని తన ఫోన్‌లో ఆ జాబితా తెరిస్తే అక్షరాలతో సహా కనిపించేది. బ్యాంకు పాస్‌వర్డ్ అందులో లేకపోవడం అదృష్టమే. ఆమె ఆ రాత్రే ఇంటికి వెళ్లి ఫోన్‌లో రెండింటినీ మార్చుకున్నారు. మరునాడు యజమాని ఎదుటే విషయం చెప్పి, కార్యాలయ ఖాతాలోని తన పాస్‌వర్డును తొలగించారు. ఆయన సైతం ఆశ్చర్యపోయారు. తన ఫోన్‌లో చూసుకున్న సొంత విషయాలు ఇన్నాళ్లూ కార్యాలయ కంప్యూటరులో కనిపిస్తున్నాయేమోనన్న సందేహం అప్పుడు ఆయనకు పట్టుకుంది. ‘సింక్’ను ఇద్దరూ కలిసి ఆపివేశారు.

దొంగ కోసం కిటికీలు వెతికేటప్పుడు తలుపు గడియ వేశామో లేదో ముందు చూసుకోవాలి. కార్యాలయ కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ ఈ రోజే చేయగలిగిన పని ఒకటి ఉంది. బ్రౌజరులోని ఆ గుండ్రని బొమ్మపై ఒకసారి నొక్కి, అక్కడ ఎవరి పేరుందో చూడండి.